తేనెటీగల ముంగట అరటిపండు

మొన్న నా మొహం సూసుంటే మీరు గుర్తుపట్టకపోదురు! ఎడమ కన్ను మూసుకపోయి, పెదవి బూరె లెక్క ఉబ్బింది. గెలిచింది మాత్రం నేనే!

మా మామకు షామీర్‌పేటల జామతోట ఉంది. ట్రైనింగ్ తీసుకొని అండ్ల తేనెటీగల పెట్టె పెట్టిన. మామకేమో అవంటే హడల్. "కుట్టే పురుగులకు తెలివేంది పిల్లా? జల్దీ తీసెయ్" అంటడు. "తెలివుంటది మామా, సూపిస్త" అని పంతం పట్టిన.

రోజూ నీలం ప్లేట్ల చక్కెర నీళ్లు, తెల్ల ప్లేట్ల ఉత్త నీళ్లు పెట్టి అలవాటు జేసిన. ఇగ ప్లేట్లు ఖాళీగ పెట్టినా నీలందాని మీదనే వాలుతున్నయ్. మస్తు ఖుషీ!

మొన్న పొద్దుగాల మామకు సూపిద్దామని మేడ్చల్‌ల బస్సెక్కిన. టిఫిన్ చెయ్యలె. బస్సులనే అరటిపండ్లు తిని, చేతులు కొంగుకు తుడుసుకున్న. తోటల ప్లేట్లు పెట్టి, స్టైలుగ పెట్టె మూత తీసిన.

"సూడుండ్రి మామా, సీదా నీలం ప్లేటుకే పోతయ్!"

ఏడ పోయినయ్? సీదా నా మొహానికే వచ్చినయ్! ఒకటి కుట్టింది, ఇగ గుంపంత నా ఎంట. నీలం ప్లేటు దిక్కు ఒక్కటి సూడలె. నేర్పిన చదువంత గంగల గలిసింది! మామ పంచె ఎగ్గట్టి ఉరుకుతుండు, ఆయన ఎన్క నేను. మోటరు రూముల దూరి తలుపేసుకున్నం.

"మస్తు తెలివున్నయ్ బిడ్డా నీ ఈగలు!" అన్నడు మామ, రొప్పుకుంట.

సిగ్గుతోని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్న. గుప్పున అరటిపండు వాసన! అప్పుడు సమజైంది. ఈగ కుట్టినప్పుడు "దుష్మన్ వచ్చిండు, రాండ్రి" అని తోటి ఈగలను పిలిచే వాసన విడుస్తది. గా వాసన అచ్చం అరటిపండు లెక్కనే ఉంటది. అది తగిలితే వాటికి తిండి యాదికుండది, నేర్సుకున్నది యాదికుండది. ఇగ కొట్లాటనే!

"మామా, తప్పు ఈగలది కాదు, నాది! రేపొక్కసారి సూడుండ్రి."

"సూస్త. గీ రూము కిటికీలకెల్లి."

తెల్లారి తలంటు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, ఏం తినకుండ పోయిన. ప్లేట్లు పెట్టి పక్కనే నిలబడ్డ. ఒక ఈగ వచ్చింది. నా సుట్టు తిరిగింది. పోయి నీలం ప్లేటు మీద వాలింది! ఎన్కనే ఇంకోటి, ఇగ జుమ్మని బారు! తెల్లదాని మీద ఒక్కటి లేదు!

కిటికీలకెల్లి మామ అరుపు: "శభాష్ బిడ్డా! ఇంకో రెండు పెట్టెలు తేపో!"

ఇప్పుడు ఆయన ఎస్టీడీ బూత్ కాడ నిలబడి "మా కోడలు ఈగలకు బడి పెట్టింది" అని అందరికి చెప్తుండు. ఒక్క ముచ్చట మాత్రం ఆయనకు చెప్పలె. ట్రైనింగ్‌ల గా అరటిపండు పాఠం అయినంక, "సమజ్ గాని ఆడోళ్లకు మళ్లొకసారి చెప్పమ్మా" అని సారు నిలబెట్టింది నన్నే!