గీత దాటిన ఆయిల్

2022 ఏప్రిల్. వినుకొండ నుంచి నరసరావుపేట వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఎడమ పక్కన నా కార్ల షెడ్డు. కల్లాల్లో మిరపకాయలు ఎత్తే రోజులు. ఊళ్ళ వెంట తిరిగే మిర్చి వ్యాపారుల కార్లు షెడ్డు ముందు వరసగా నిలబడి ఉండేవి. ఏ కారు బానెట్ ఎత్తినా ముందు తుమ్ము వచ్చేది. ఎయిర్ ఫిల్టర్ల నిండా కారపు దుమ్మే. అప్పటికి పదిహేడేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇంజన్ మోత వింటే చాలు, మస్తాన్ జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరు ఊరివాళ్ళకంటే నాకే ఎక్కువ వినిపించేది.

ఎస్తేరు టీచర్ గారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. భర్త దావీదు గారు కరెంటు లైన్‌మన్‌గా చేశారు. ఆయనకి కిడ్నీలు చెడిపోయి, బుధవారం, శనివారం గుంటూరులో డయాలసిస్ చేయించుకోవాలి. రానూపోనూ నూట డెబ్బై కిలోమీటర్లు. వాళ్ళ పాత డీజిల్ కారుని టీచర్ గారే నడిపేవారు. డయాలసిస్ అయ్యాక ఆయన కూర్చోలేరు. వెనక సీటులో దిండు వేసి పడుకోబెట్టి తీసుకొచ్చేవారు. ఆ కారు ఆగితే ఆయన ప్రాణం మీదకొస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేసిన తప్పు కాబట్టే రాస్తున్నాను.

ఇంజన్ ఆయిల్ ఇంజన్ అడుగున తొట్టిలాంటి చాంబర్‌లో ఉంటుంది. ఎంత ఉందో చూడటానికి డిప్‌స్టిక్ అనే సన్నటి ఉక్కు బద్ద ఉంటుంది. మేం గేజీ అంటాం. దాని చివర రెండు గీతలు. ఆయిల్ కింది గీతకి తగ్గకూడదు, పై గీత దాటకూడదు. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, రబ్బరు సీళ్ళలోంచి ఆయిల్ కారుతుంది. ఇది పుస్తకం తెరవకపోయినా ప్రతి మెకానిక్కుకీ తెలుసు. అయినా మావైపు ఒక అలవాటుంది. వేసవి సర్వీసులో గీత పైన ఇంకో అరలీటరు పోస్తాం, ఎండకి ఇంజన్ తాగుతుందని. నాకు పని నేర్పిన ఖాసిం మేస్త్రీ అనేవాడు, "గీత దాకా పోస్తే కొలతరా. గీత దాటించి పోస్తే ప్రేమ."

టీచర్ గారి కారుకి మార్చిలో సర్వీసు చేసినప్పుడు నేనూ ఆ ప్రేమే పోశాను.

మూడు వారాల తర్వాత, ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ నడిచి షెడ్డుకి వచ్చారు.

"మస్తాన్ గారూ, మా కారులో ఆయిల్ పెరుగుతోందండి."

అక్కడ కూర్చున్న డ్రైవర్ ఒకడు నవ్వాడు. "ఆ బండి మాకిప్పించండి టీచర్ గారూ. ఆయిల్ కొనే పనుండదు."

నేనూ నవ్వాను. "తగ్గడం ఉంటది గానీ పెరగడమేంటండీ? ఒకరోజు ఇంజన్ ఆపీ ఆపగానే, ఒకరోజు ఎక్కడో వాలులో చూసుంటారు."

"పొద్దున్నే, బండి తియ్యకముందు చూస్తానండి. చర్చి ముందు గచ్చు మీద. అక్కడ నీళ్ళు పోస్తే ఎటూ పారవు, చూసుకునే పెట్టాను." అని నా షెడ్డు నేల వైపు చూశారు. వంగి, కింద పడున్న బేరింగ్ గోళీ ఒకటి తీసి కారు పక్కన పెట్టారు. అది మెల్లగా కదిలి, దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. "వాలు ఇక్కడుందండి."

కడిగిన నీళ్ళు బయటికి పోవాలని ఆ వాలు పోయించింది నేనే. పదిహేడేళ్ళుగా ఆయిల్ చూస్తున్నదీ ఆ వాలు మీదే. డ్రైవర్ ఈసారి నన్ను చూసి నవ్వాడు.

నాకు రోషం వచ్చింది. దానికి తోడు భయం. నేను పోసిన అరలీటరు ఆవిడ కనిపెట్టేశారనుకున్నాను. అందరి ముందూ ఒప్పుకోలేక అబద్ధమాడాను. "కొత్త ఆయిల్ కదండీ, ఎండకి పొంగుద్ది. ఏం కాదు, నిశ్చింతగా తిరగండి."

"ఎల్లుండి ఆయన్ని తీసుకెళ్ళాలి. దారిలో ఆగిపోతే కష్టం. ఒక్కసారి వచ్చి చూడండి."

"సీజనండీ. వచ్చే వారం చూద్దాం."

ఆవిడ వచ్చినట్టే నడిచి వెళ్ళిపోయారు.

శనివారం సాయంత్రం నాలుగింటికి సామాను తెచ్చుకోవడానికి బస్టాండు వైపు వెళ్ళాను. సిమెంటు బెంచీ మీద దావీదు గారు, టీచర్ గారి భుజం మీద తల వాల్చి ఉన్నారు. చొక్కా ముందుభాగం తడిసి ఉంది. నా మాట నమ్మకుండా ఆవిడ ఆయన్ని బస్సులో తీసుకెళ్ళారు. వచ్చేటప్పుడు నరసరావుపేట దాకా సీటు దొరకలేదని తర్వాత తెలిసింది. ఆయన బీపీ పడిపోయి బస్సులోనే వాంతి చేసుకున్నారు. ఇద్దరూ నన్ను చూడలేదు. పలకరించే ధైర్యం లేక పక్క సందులోంచి వెళ్ళిపోయాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే ఆరింటికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు చర్చి పక్కనే. వరండాలో దావీదు గారు బరువు చూసే మిషను మీద నిలబడి ఉన్నారు. టీచర్ గారు వంగి అంకె చూస్తున్నారు. డయాలసిస్ మనిషికి ఒంట్లో నీరు ఎంత చేరిందో బరువుని బట్టే తెలుస్తుందట.

"రావయ్యా మస్తానూ," అన్నారు ఆయన నీరసంగా. "ముందు నేను, తర్వాత కారు. ఇద్దరి కొలతలూ చూసిందాకా మా ఆవిడ అరగ్లాసు కాఫీ కూడా పొయ్యదు."

టీచర్ గారు కారు దగ్గరికి నడిచారు. బానెట్ ఎత్తి, గేజీ తీసి, తెల్లగుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీశారు. ఇంతవరకూ అందరూ చేసేదే. తర్వాత ఆవిడ ఒక సన్నటి కాగితం ముక్క మీద గేజీని ఒత్తారు. నల్లటి తడి మచ్చ పడింది. పక్కనే పెన్సిలుతో గీత గుర్తూ తేదీ వేశారు. రేకు డబ్బాలోంచి అలాంటి చీటీలు ఇంకా తీసి బానెట్ అంచున వరసగా పేర్చారు. పాత పరీక్ష పేపర్లు కత్తిరించి చేసిన చీటీలు. మొదటి దానినుంచి చివరిదాకా మచ్చ కొద్దికొద్దిగా పొడుగవుతూ వచ్చింది. ఏ పిల్లాడైనా చూసి చెప్పేంత స్పష్టంగా ఉంది.

"పొడుగొక్కటే కాదండి, అంచులు చూడండి," అన్నారు. మొదటి చీటీలో మచ్చ అంచు గట్టిగా ఉంది. ఇటీవలి వాటిలో మచ్చ చుట్టూ లేత రంగు వలయం, రోజురోజుకీ వెడల్పుగా. "క్లాసులో సుద్దముక్కకి సిరా ఎక్కించి చూపించేదాన్ని. పల్చటిది ముందు పరిగెడుతుంది. ఆయిల్లో పల్చటిదేదో కలుస్తోంది. అదేంటో నాకు తెలీదు. మీకు తెలుస్తుందనే ఆ రోజు షెడ్డుకి వచ్చాను."

గేజీ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిల్ వాసన. ఆ గురువారం ఇదొక్కటి చేసుంటే సరిపోయేది.

ఇంజన్‌కి డీజిల్ తోసే పంపు ఒకటుంటుంది. దాని ఇరుసుకి ఒకవైపు డీజిల్, ఒకవైపు ఇంజన్ ఆయిల్, మధ్యలో చిన్న రబ్బరు సీలు. అది అరిగిపోయి, డీజిల్ వెళ్ళి ఆయిల్ చాంబర్లోకి కారుతోంది. ఆయిల్ నీళ్ళలా పల్చబడితే బేరింగులు అరిగి ఇంజన్ తిరక్కుండా పట్టేస్తుంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. ఆ మాటకి సిగ్గులేదని అన్నాక తెలిసింది.

ఆవిడ మొదటి చీటీ చూపించారు. నా సర్వీసు మర్నాటిది. "అప్పటికే గీత దాటి ఉందండి. ఈ బండికి ఇంతేనేమో అనుకుని రెండు వారాలు ఊరుకున్నా."

ఇక చెప్పేశాను. "అది నేను పోసిందేనండీ. ఎక్కువే పోశాను. మొన్న మీకు చెప్పింది అబద్ధం. నిన్న బస్టాండులో మిమ్మల్ని చూసి కూడా పక్కకి పోయా."

దావీదు గారు నేల చూశారు. టీచర్ గారు చీటీలు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుతూ అన్నారు, "ఈయనకి రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే తాగాలన్నారు డాక్టరు. ఇంటికొచ్చినవాళ్ళు, పాపం ఎండలని ఇంకో గ్లాసు ఇస్తారు. ప్రేమేనండి. ఆ రాత్రి ఊపిరాడక లేచి కూర్చునేది ఈయన."

ఖాసిం మేస్త్రీ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మిర్చి వ్యాపారుల కార్లు పక్కన పెట్టి ఆ కారు విప్పాను. చాంబర్ బోల్టు తీస్తే ఆయిల్ పల్చటి చారులా కారింది. బేరింగులు విప్పి చూస్తే వాటి మీద అరుగుదల గీతలు అప్పుడే మొదలయ్యాయి. ఇంకో రెండు మూడుసార్లు గుంటూరు వెళ్ళుంటే, ఏ మండుటెండలోనో, ఇంటికి తిరిగొచ్చే దారిలో ఇంజన్ పట్టేసి ఉండేది. వెనక సీటులో ఆయన. పదిహేడేళ్ళ నా చెవికి ఆ మోతలో తేడా ఇంకా వినిపించలేదు. ఆవిడ కాగితాలకి రెండు వారాల క్రితమే తెలిసింది.

సీలు, బేరింగులు, ఆయిల్, ఫిల్టర్ మార్చి మంగళవారం సాయంత్రం కారు చర్చి ముందు పెట్టాను. బుధవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. దావీదు గారు వెనక దిండు మీద ఆనుకుని ఉన్నారు. టీచర్ గారు తెల్లగుడ్డ నా చేతికిచ్చారు.

"మీరే చూసి చెప్పండి."

తుడిచాను, దించాను, తీశాను. ఎండవైపు తిప్పి పట్టుకున్నాను. "పై గీతకి ఒక నూలుపోగంత కిందుందండి."

ఆవిడ గేజీ తీసుకుని మళ్ళీ చూడలేదు. ఎక్కి బండి స్టార్ట్ చేశారు.

ఆ వేసవిలోనే షెడ్డులో ఒక కారు పట్టేంత మేర గచ్చు పగలగొట్టించి సమంగా పోయించాను. తాపీమేస్త్రీ మట్టం పెట్టి చూపించినా, చెంబెడు నీళ్ళు పోసి అవి నిలిచిందాకా అతన్ని పోనివ్వలేదు. ఎవరైనా వచ్చి తమ బండి గురించి వింతమాట చెబితే, నవ్వేముందు బానెట్ ఎత్తుతున్నాను. ఎండలు ముదిరితే డ్రైవర్లు ఇప్పటికీ అడుగుతారు, "ఇంకొంచెం పొయ్యన్నా, నీ సొమ్మేం పోయింది" అని. గేజీ తీసి కాగితం మీద ఒత్తి వాళ్ళ చేతికిస్తాను. ఆయిల్ డబ్బా మూత బిగించేస్తాను.