మామకు వినిపించని వైపు

పోయిన సోమవారం బేతంచెర్ల స్టేషను రోడ్డులో మా ఎదురింటి మామ చనిపోయాడు. బండలు ఎత్తుకోవడానికి వెనక్కి వస్తున్న లారీ ఆయన్ని ఎడమ పక్క నుంచి కొట్టింది. డ్రైవరు హారను మోగించాడట. క్లీనరు గొంతు చించుకుని అరిచాడట. చూసినవాళ్లంతా ముసలాయన పట్టించుకోలేదని చెప్పుకుంటున్నారు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. ఎందుకు వినపడదో ఊరికి సగమే తెలుసు. తక్కిన సగం నాకు తెలుసు. అది మీకు చెప్పేద్దామనే ఇది రాస్తున్నాను.

మామ అన్నది పిలుపే, మాకు చుట్టరికం లేదు. నేను ఈ ఊరికి బడిపంతులుగా వచ్చి ఆయన ఎదురింట్లో అద్దెకు దిగాను. ఆయన పని బావుల్లో మునగడం. బావిలో చేద తెగి పడితే గాలం వేసి వెతుకుతారు. గాలానికి అందనివి మామ తెచ్చేవాడు. బిందెలు, గొలుసులు, నీళ్లు నిండిన పాత బండల గనుల్లో జారిపడ్డ గడ్డపారలు, అప్పుడప్పుడు మనుషులు. కరువు ఏళ్లలో మనుషులే ఎక్కువ. బనగానపల్లె తోటల నుంచి కూడా ఆయన కోసం బండి కట్టుకుని వచ్చేవాళ్లు. ఆ బండి వచ్చిందంటే అత్త, అంటే ఆయన భార్య, ఏమీ అడగకుండా పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

పొద్దున లేవగానే ఆయన అరుగు మీద కూర్చుని, నోరు మూసి, రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని, చెవుల్లోకి మెల్లగా గాలి తోసేవాడు. రెండు చెవులూ టిక్కుమంటే నా వైపు చూసి రెండు వేళ్లు చూపేవాడు. ఒకటే తెరుచుకుంటే ఒక వేలు. ఒక వేలు చూపిన రోజు ఎవరొచ్చి బతిమాలినా నీళ్లలోకి దిగేవాడు కాదు. పడిశం పట్టినవాడికి నీళ్లతో పనేందప్పా అనేవాడు.

నాకు ఈత బాగా వచ్చునని గర్వం. నేర్పమని నేనే అడిగాను. ఆయనకు కొడుకులు లేరు. నా మాట విని మొహం వెలిగిపోయింది, ఆ సంతోషం దాచుకోవడానికి నన్ను ఎగతాళి చేశాడు.

"బలపం పట్టే చేతులు అయివారూ నీవి. తాడు పడతావా?"

మునకకు ఆయన వాడే తాడు చివర ఒక రాయి ఉండేది, తాడు పొడుగునా బారకొక ముడి. రాయిని ముందు అడుక్కి దించి, తాడు పట్టుకుని ముడి తర్వాత ముడి కిందికి పోవాలి. ప్రతి ముడి దగ్గరా ఆగి చెవులు తెరుచుకోవాలి. ముక్కు పట్టి గాలి తోయడం ఒక దారి. అది కుదరకపోతే గుటక వేయడం, దవడ పక్కకు జరపడం, మొండికేసిన చెవిని పై వైపుకు వాల్చడం. ఏదీ పని చేయకపోతే ఒక ముడి పైకి రావాలి.

"నొప్పి పుట్టినంక తోస్తే తెరుచుకోదు. నొప్పికి ముందే తెరవాల. బలంగా తోయొద్దు, నిదానం. ముక్కులో ఎద్దు బలం చూపిస్తాండావు నువ్వు."

అరుగు మీద కూర్చోబెట్టి ఇంకొకటి కూడా చెప్పాడు. "చెవికి రెండు వాకిళ్లు ఉండాయి. బయటి వాకిలి నీళ్లకు ఇడిసిపెట్టు. లోపలి వాకిలి గొంతులో ఉండాది, దాన్ని నువ్వు తెరవాల. రెండు పక్కలా బలం సమానంగా ఉంటే నడిమి తెరకు ఏమీ కాదు. ఏది మూసినా అది చినుగుతాది."

నాకు మూడో ముడి దగ్గర ఎడమ చెవి ఎప్పుడూ మొరాయించేది. నేను పైకి వచ్చేవాణ్ని, గట్టు మీద నా బడి పిల్లల తండ్రులు నవ్వేవాళ్లు. మామ మాత్రం పైకి వచ్చిన ప్రతిసారీ మంచి పని చేసినావప్పా అనేవాడు. ఆ మెప్పు నాకు చాల్లేదు. ఒకరోజు, నీళ్లు చొరబడకపోతే నొప్పే ఉండదు కదా అనుకుని, ఆయన చూడకుండా తేనె మైనం వెచ్చచేసి చెవుల్లో కూరుకున్నాను. బయటి వాకిలి మూసేశాను. పాఠం చెప్పేవాణ్ని, పాఠం వినలేదు.

నాలుగో ముడి దగ్గర ఎడమ చెవిలో ఏదో పగిలింది. పైకి వచ్చేసరికి చెంప మీద నెత్తురు. చేతికి వచ్చిన మైనం నీళ్లలోకి విసిరేశాను. మామ నా తల ఒళ్లో పెట్టుకుని, చెప్పిందంతా చేసినావా అని అడిగాడు. చేశానన్నాను.

"అట్లయితే నాదే తప్పు. నిన్ను ముందే దించినా," అన్నాడు.

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మూడు వారాలు గడవకముందే, కోసిగి వైపు నుంచి కూలికి వచ్చిన ఒకామె నీళ్ల కోసం పాత గనిలోకి దిగి జారిపడింది. శవం తేలలేదు. లోపల బండ కింద ఇరుక్కుందన్నారు. ఆమె భర్త గట్టు మీద కూర్చుని రెండు రోజులుగా ఏమీ తినలేదు. నా చెవి ఇంకా చీము కారుతూనే ఉంది. మామకు నాలుగు రోజులుగా పడిశం. పొద్దున ఆయన ఒక వేలు కూడా చూపలేదు, చెయ్యి ఊరికే ఆడించాడు. నా చెవి బాగుంటే నేనే దిగేవాణ్ని. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"పోవద్దు మామా. నువ్వే చెప్తావు కదా," అన్నాను.

"చెప్తా. ఆ మనిషి ఆమెను చూస్తేగాని మెతుకు ముట్టడు. తాడు పట్టు."

మూడుసార్లు వట్టి చేతులతో వచ్చాడు. నాలుగోసారి ఆమెను తెచ్చాడు. ఆయన ముక్కులోంచి నెత్తురు కారుతోంది. గట్టు మీద బోర్లా పడి కక్కుకున్నాడు, తల నిలబెట్టలేకపోయాడు. చెవి పగిలి చన్నీళ్లు లోపలికి పోతే తల తిరిగిపోతుందట.

"పైన ఏదో కింద ఏదో తెలీలేదప్పా. ముడులు తడుముకుంటా వచ్చినా," అన్నాడు చాలాసేపటికి.

ఆయన ఎడమ చెవికి వినికిడి మళ్లీ రాలేదు. ఆ తర్వాత మునక మానేశాడు. గనిపనివాళ్లు ఇద్దరు నేర్పమని వచ్చి అడిగితే చేతులు జోడించాడు. "నాకు నేర్పను రాదప్పా. నా చేతిలో ఒక అయివారి చెవి పోయింది." నేను మా గడపలో నిలబడి విన్నాను. ఆయన బతుకంతా నేర్చుకున్న విద్య నా అబద్ధం వల్ల ఆయనతోనే ఆగిపోయింది. పోయిన వేసవిలో ఒక గనిపనివాడు మునిగి తిరిగి రాలేదు. అతను ఆ ఇద్దరిలో ఒకడు.

అతని కబురు తెలిసిన సాయంత్రం నేను మామ పక్కన అరుగు మీద కూర్చున్నాను. మైనం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన వీధిలోకి చూస్తూ వక్క నమిలాడు. నేను ముగించాక నా వైపు తిరిగాడు.

"ఏమన్నా అంటివా అప్పా?"

నేను కూర్చున్నది ఎడమ పక్క. పొరపాటున కూర్చోలేదు. లేచి కుడి పక్కకు పోవడానికి రెండడుగులు చాలు.

"ఏమీ లేదు మామా," అన్నాను.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిననాటి నుంచి బండలకు గిరాకీ పెరిగి, మా రోడ్డు నిండా లారీలే. నేను మామకు ఎడమ పక్కన నడుస్తూ, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సి వచ్చేది. సోమవారం నేను బడిలో ఉన్నాను.

మునక మానినా పొద్దున అలవాటు ఆయన మానలేదు. ముక్కు పట్టి, గాలి తోసి, ఎడమ చెవి కోసం కాసేపు ఎదురుచూసి, ఒక వేలు చూపేవాడు. నేనూ నా గడపలోంచి ఒక వేలు చూపేవాణ్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయన నవ్వు మాత్రం కొంచెం తప్పు చేసినవాడి నవ్వులా ఉండేది. అది చూసి కూడా నేను ఊరుకున్నాను.

ఈ ఉదయం అత్త అరుగు కడుగుతోంది. నేను అలవాటు చొప్పున ముక్కు పట్టుకున్నాను. కుడి చెవి టిక్కుమంది. వేలు ఎత్తాను. అత్త తలెత్తి, చీపురు కింద పెట్టి, ఏమిటన్నట్టు చూసింది. తడి అరుగు మీద ఆయన కూర్చునే చోటు అప్పుడే ఆరుతోంది.