నాలుక కింది బుడిపె

పోయిన వానాకాలం ఒక పొద్దున జొన్నరొట్టె, శేంగా చట్నీ తింటుంటే నాలుక కింద ఏదో తగిలింది. పల్లీ పలుకు ఇరుక్కుందేమోనని నీళ్లు పుక్కిలించాను. పోలేదు. అద్దం ముందు నిలబడి నాలుక పైకెత్తి చూస్తే ఎడమపక్క సగ్గుబియ్యం గింజంత బుడిపె, నున్నగా, కాస్త నీలంగా ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

షోలాపూర్‌లో మా భవాని పేట్ గల్లీల్లో నోట్లో బుడిపె అంటే ఎవరికైనా ముందు ఒకటే ఆలోచన వస్తుంది. మాడ్చిన పొగాకు పొడితో పళ్లు తోముకునేవాళ్లు, గుట్కా బుగ్గన పెట్టుకునేవాళ్లు ఎలా చిక్కిపోయారో చూస్తూ పెరిగినదాన్ని. నాకు ఏ అలవాటూ లేదు. కానీ అమ్మ నలభై ఏళ్లు ఇంట్లోనే బీడీలు చుట్టింది. ఆ పొగాకు చేట పక్కనే నేను పాకాను, ఎక్కాలు నేర్చాను, నిద్రపోయాను. ఆ దుమ్మే ఇన్నేళ్లకు ఇలా బయటపడిందా అనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన మరమగ్గాల షెడ్డుకు వెళ్లగానే తువ్వాళ్ల అంచులు కుట్టడానికి కూర్చునేదాన్ని. కాలు మిషన్ తొక్కుతుంటే నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది.

అమ్మ రెండు గల్లీల అవతల మా తమ్ముడింట్లో ఉంటుంది. మధ్యాహ్నం ఆమెకు కూర తీసుకెళ్లడం నా అలవాటు. నాలుగో రోజు గిన్నె పెట్టి తిరిగి వస్తుంటే కొంగు పట్టుకుని ఆపింది.

“ఏందే, నాలుగొద్దుల సంది సూస్తున్న. వస్తున్నవు, గిన్నె పెడుతున్నవు, పోతున్నవు. ఒక్క మాట లేదు. అచ్చం మీ బాపు లెక్క జేస్తున్నవు.”

బాపు చనిపోయి పదిహేనేళ్లు. అమ్మ ఆయన మాట ఎత్తడమే తక్కువ. ఆ ఒక్క మాటకు నా పదో ఏట జరిగినదంతా కళ్లముందుకొచ్చింది.

అప్పుడు మేం జోడ్‌భావి పేట్‌లో ఉండేవాళ్లం. ముందుగదిలో గుంటమగ్గం, దాని వెనక మా సంసారం. బాపు తొమ్మిది గజాల చీరలు నేసేవాడు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారపు కండె పెట్టిన ప్రతిసారీ ఆ నాడెకున్న సన్నని కన్నానికి పెదవులు ఆనించి, ఒక్క పీల్పుతో దారం కొసను బయటికి లాగేవాడు. రంగు నాలుకకు అంటేది. బాపు నవ్వితే చాలు, ఆ రోజు మగ్గం మీద ఏ రంగు చీర ఉందో తెలిసిపోయేది. నాడె ముట్టుకుంటే మాత్రం చెయ్యి విరగ్గొడతానని నన్ను బెదిరించేవాడు.

అలాంటి బాపు ఒకరోజు తనే పిలిచాడు. “ఇట్లరా బిడ్డా. ఈ దారం జర్ర పీల్చు.”

రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి గంజి వాసనతో, చేదుగా, దారం వచ్చి నాలుక మీద వాలింది. ఎంత పొంగిపోయానో! బడికి వెళ్లేముందు, వచ్చిన తర్వాత నాకదే పని. బళ్లో అందరికీ నా నీలి నాలుక చూపించాను. బాపు ఎందుకు పిలుస్తున్నాడని అడగాలని కూడా తోచలేదు.

ఆ వారమంతా ఆయన మాట్లాడలేదు. మా మేనమామ పెళ్లికి వెళ్లి తను రెండు రోజులు ఎక్కువ ఉన్నందుకు ఆయనకు కోపం వచ్చిందని అమ్మ అనుకుంది. తనూ మూతి ముడుచుకుంది. చివరికి ఒకరోజు చింతపండు పులుసు ముద్ద నోట్లో పెట్టుకోగానే బాపు దవడ పట్టుకుని వంగిపోయాడు. కళ్లలో నీళ్లు. అమ్మ ఆయన చెయ్యి పట్టి వాకిట్లోకి, వెలుతురులోకి లాక్కొచ్చింది.

“నోరు తెరువు.”

తెరిచాడు. నాలుక కింద గడ్డ.

“ఎన్నొద్దులాయె? నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వేడుస్తవు,” అన్నాడు బాపు. అప్పటికే అమ్మ ఏడుస్తోంది.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. ఉమ్మి వచ్చే దారిలో బియ్యపు గింజంత రాయి అడ్డుపడిందట. డాక్టరు తీసేసి చేతిలో పెడితే, దాన్ని కాగితంలో పొట్లం కట్టుకుని వచ్చి గల్లీలో అందరికీ చూపించాడు. ఆ సాయంత్రం ఆయన ఎంత మాట్లాడాడంటే అమ్మే విసుక్కుని, “ఇగ సాలు తియ్యి,” అంది.

ఇదంతా తలచుకుంటూ నిలబడ్డాను. అమ్మ నన్ను గుమ్మం దగ్గరికి లాక్కెళ్లి మళ్లీ ఆ మాటే అంది. “నోరు తెరువు.”

ఆమెకు చూపు సరిగా ఆనదు. చెయ్యి కడుక్కుని, వేలు నా నాలుక కింద పెట్టి తడిమింది. యాభైమూడేళ్లదాన్ని, గుమ్మంలో నోరు తెరుచుకుని, ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను.

“ఉన్నది. మెత్తగున్నది. నడు, ఇప్పుడే పోదాం.”

కుంఠా నాకా దగ్గర పళ్ల డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. “దుఖ్తయ్ కా?” అని మరాఠీలో అడిగింది. నొప్పేమీ లేదని నాకంటే ముందు అమ్మే చెప్పింది. ఉమ్మి గ్రంథి మూసుకుపోయి నీరు చేరినట్టుందని, ఎందుకు మూసుకుపోయిందో ఒక్కోసారి తెలియదని, రెండు వారాలు చూసి అప్పటికీ తగ్గకపోతే కోసి పరీక్షకు పంపుదామని చెప్పింది.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేశాను. మా ఆయన కోప్పడ్డాడు, తర్వాత టీ పెట్టి ఇచ్చాడు. తొమ్మిదో రోజు పళ్లు తోముకుంటుంటే బుడిపె లేదు. ఎప్పుడు చితికిందో తెలియదు. వారం ఆగి మళ్లీ చూపించుకున్నాను. లోపలంతా శుభ్రంగా ఉంది, మళ్లీ వస్తే రమ్మని డాక్టరమ్మ పంపించేసింది. ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

అమ్మతో మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజు, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ బాపు గురించే చెప్పింది. పెళ్లైన కొత్తలో ఆయనకు మరాఠీ రాక కూరగాయల బజారులో సైగలు చేసేవాడట. నేను పుట్టిన రోజు మగ్గం ఆపి ఊరికే గుంటలో కూర్చుండిపోయాడట. అవన్నీ నేనెప్పుడూ వినలేదు. ఇంతలో మా గల్లీ వచ్చింది. ఆటో ఆగింది. అమ్మ దిగలేదు.

“ఇంకొక్క చక్కర్ కొట్టు భాయ్,” అంది ఆటో అతనితో. “జోడ్‌భావి పేట్ దిక్కెల్లి పోనియ్యి.”