మా కాయ మంచిది

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో తుండుగుడ్డ మూట ఉంది. అందులో ఉన్నవి మిరపకాయలని ఘాటుకే తెలిసిపోయింది. మచ్చుకని గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్ళి, ఎవరూ బేరమాడకపోతే వెనక్కి తెచ్చుకుంటున్నాడట. వెనక సీటువాళ్ళు తుమ్ముతూనే ఉన్నారు.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాడు.

"చైనా, జపాన్ రాజకీయాలండి. చైనా భాష కూడా. యూనివర్సిటీలో."

ఆయన నావైపు పూర్తిగా తిరిగాడు. "అయితే నీకు తెలిసే ఉంటది. మన కాయ ఎక్కువ కొనేది చైనావాళ్ళే గదా. ఈసారన్నా కొంటారంటావా? పోయినేటి బస్తాలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. రంగు దిగిపోతంది."

అక్కడి కమ్యూనిస్టు పార్టీ గురించి పరీక్షల్లో పేజీలు పేజీలు నింపినదాన్ని. "తెలీదండి" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "పోనీ, మా కాయ మంచిది అని వాళ్ళ భాషలో ఎట్టా అనాలో చెప్పు" అన్నాడు.

చెప్పాను. మూట విప్పి, ఒక కాయని తొడిమ పట్టుకుని గింజలు గలగలమనేలా ఆడించి, ఎదురుగా కొనేవాడు నిలబడ్డట్టు ఆ మాట అన్నాడు. మళ్ళీ అన్నాడు. తప్పు పలికినప్పుడల్లా దిద్దాను. కాసేపటికి దిద్దడం మానేశాను. ఎవరు వినాలని? తన ఊరొచ్చి దిగేదాకా ఆయన మాత్రం మానలేదు.

నా చదువు పూర్తయింది. ఉద్యోగం రాలేదు. క్లాసు బయట నాతో చైనా భాషలో మాట్లాడిన మనిషి ఇప్పటికీ ఆయనొక్కడే.