తాతయ్య పనిబల్లకు తిరుగు పీట

నా చిన్నప్పుడు సికింద్రాబాదు కార్ఖానా ప్రాంతంలో మేముండే ఇంటి వెనక ఒక రేకుల కొట్టం ఉండేది. అది మా తాతయ్య పనికొట్టు. గుంటూరు వైపు నుంచి రైల్వేలో వడ్రంగిగా వచ్చి, ఉద్యోగం ముగిశాక ఆయన అక్కడే సొంతంగా పని పెట్టుకున్నాడు. కొట్టం నడుమ టేకు పనిబల్ల, గోడకు వరసగా రంపాలు, ఉలులు. బడి బల్లలు, మంచాలు, మా ప్రార్థన మందిరానికి కావలసిన కుర్చీలు అన్నీ ఆ బల్ల మీద నుంచి దిగినవే. ఆయన ఎప్పుడూ నిలబడే పని చేసేవాడు. కూర్చుని చేసే వడ్రంగిని చూస్తే లోలోపల కొంచెం చిన్నచూపు కూడా ఉండేదనుకుంటాను.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, వానాకాలం మొదట్లో ఆయన పెరటి మెట్ల మీద జారి పడ్డాడు. విరిగిన తుంటి ఎముక అతుక్కుంది గానీ కాలు మునుపటిలా కుదురుకోలేదు. పది నిమిషాలు నిలబడితే వణుకు వచ్చేది. అమ్మ ఒక ముక్కాలిపీట తెచ్చి బల్ల దగ్గర వేసింది. ఉలి పని చేసేటప్పుడు కూర్చోవడం, కొయ్యను అటూ ఇటూ తిప్పడానికి లేవడం, లేచినప్పుడల్లా వంగి ఆ పీటను పక్కకు జరపడం. ఆ వంగడమే ఆయన వల్ల కాలేదు. ఒకరోజు జరపకుండా వదిలేసి, దానికే కాలు తగిలి మళ్లీ పడ్డాడు. ఈసారి దెబ్బ పెద్దది కాదు. కానీ లేచాక కొట్టం తలుపు వేసి, తాళంచెవి అమ్మకు ఇచ్చేశాడు. ఆ తరవాత వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడమే ఆయన దినచర్య అయింది. అన్నం సగంలో వదిలేసేవాడు. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకునేవాళ్లం.

మా కొట్టానికి అవతలి గోడ ఒక కమ్మరి మేస్త్రిది. వాళ్లు తెలుగు మాట్లాడే ముస్లింలు. ఆయన్ని నేను చాచా అనీ, ఆయన భార్యను చాచీ అనీ పిలిచేదాన్ని. టాంగా చక్రాలకు పట్టీలు, తలుపులకు గొళ్లేలు చేసేవాళ్లు. చాచా పట్టకారు పట్టుకుంటే చాచీ తిత్తి ఊదేది, పెద్ద సుత్తి కూడా వేసేది. పిల్లలు లేరు. ఆ భాద్రపదంలో చాచా తన చెల్లెలి పురుటికని బీదర్ వైపు పల్లెకు వెళ్లాడు. ఆయన వెళ్లిన నాలుగో రోజున నిజాం రాజ్యం మీద భారత సైన్యం పోలీసు యాక్షన్ మొదలుపెట్టింది. రైళ్లు ఆగిపోయాయి.

అది సాగిన అయిదు రోజులూ మేం తలుపులు వేసుకుని ఉన్నాం. తరవాత సైన్యం లారీలు సికింద్రాబాదులోకి వచ్చాయి. జనం రోడ్డుకు రెండు వైపులా నిలబడి చేతులు ఊపారు, కొందరు పూలు చల్లారు. మా నాన్న భుజం మీదకెక్కి నేనూ చూశాను. ఇంటికి తిరిగి వస్తుంటే చాచీ వాళ్ల తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆ సాయంత్రమే తాతయ్య మంచం మీద నుంచే అమ్మతో, ఆమెను మనింటికి తీసుకురమ్మని చెప్పాడు. చాలా రోజుల తరవాత ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే. చాచీ ఒక చిన్న మూటతో వచ్చి మా వంటింటి పక్క గదిలో ఉండిపోయింది. జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయని కబుర్లు వచ్చేవి. పెద్దవాళ్లు చెప్పుకుంటూ నన్ను చూసి ఆపేసేవాళ్లు. చాచా బతికే ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదు. కొలిమి వెలిగించి పదిహేను రోజులు దాటింది.

పీట ఆలోచన నాకు మా వాకిలి గేటు దగ్గర వచ్చింది. గేటు అడ్డకర్ర మీద ఎక్కి ఊగడం నాకు అలవాటు, అమ్మకు కోపం. ఒకరోజు అలా ఊగుతూ, ఈ గేటు నన్ను మోస్తూ కూడా తిరుగుతోంది కదా అనిపించింది. పీటను బల్ల కాలికి ఇలాగే బిగిస్తే? కావలసినప్పుడు చేత్తో బయటికి లాగడం, లేచాక మోకాలితో లోపలికి తోసేయడం. వంగక్కర్లేదు, కాలికి అడ్డం రాదు. ఆ ఆలోచన పూర్తిగా నాది.

ఎందుకో చెప్పకుండా అమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, పాత అలమర తలుపుకున్న మడతబందులు రెండు ఊడదీసి, ఒక పలకను బల్ల కాలికి మేకులతో కొట్టాను. రెండు రోజులు పట్టింది. పలక చక్కగా తిరిగింది. బయటికి వస్తోంది, లోపలికి వెళ్తోంది. గర్వం పట్టలేక చాచీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆమె వంగి అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎవరు కూసుంటరు బిడ్డా దీని మీద?” అంది.

“తాతయ్య.”

“మంచిగుంది. ముందుగాల నువ్వు కూసో.”

నేను కూర్చున్నాను. ఒక్క క్షణం అది నన్ను మోసింది. తరవాత మేకులు కీచుమని బయటికి వచ్చాయి, బందు విరిగింది, నేను నేల మీద కూలబడ్డాను. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ నా చోట తాతయ్యను ఊహించుకునేసరికి ఏడుపు ఆగలేదు. ఆ తుంటి మీద ఆయన మూడోసారి పడితే ఇక లేచేవాడు కాదు. ఆ పని నా చేతులతో నేనే చేసేదాన్ని.

చాచీ నన్ను ఊరుకోమనలేదు. నవ్వలేదు. పక్కన కూర్చుని, ఊడిపోయిన మేకు ఒకటి తీసి చూస్తూ, “ఆలోచన మంచిదే,” అంది. “గేటుకు మీదొకటి, కిందొకటి బందులు దూరదూరంగుండి బరువు ఆపుతయి. ఇది బయటికి పోయి బరువు మోయాలె. దీనికి పలక సాలదు, ఇనుప చెయ్యి గావాలె. నేను జేస్త. కానీ ఒక్క మాట. నువ్వు చేసిందాని మీద నువ్వు కూసున్నంకనే ఇంకొకరిని కూసోమనాలె. మా మేస్త్రి గొళ్లెం జేస్తే పది మార్లు ఆయనే గుంజి చూస్తడు.” భర్త మాట ఎత్తగానే కొంగుతో మొహం తుడుచుకుని లేచి, “నడువు, కొలిమి షురూ చేద్దాం,” అంది.

అలా ఇన్నాళ్ల తరవాత ఆ ఇంట్లో నిప్పు రాజుకుంది. తిత్తి నేను ఊదాను. పట్టకారు చాచీ పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ పనంతా పక్కనుండి చూసిందే, కానీ పట్టకారు తన చేతికి తీసుకోవడం అదే మొదటిసారని తరవాత చెప్పింది. మొదటి కమ్మి ఎక్కువ కాలి పాడైంది. రెండోది వంకర పోయింది. మూడోదాన్ని ఆమె దాగలి మీద పెట్టి కొడుతుంటే, ఆ దెబ్బల్లో ఒక లయ వచ్చేసింది. బల్ల కాలికి రెండు ఇనుప చెవులు, వాటి మధ్య నిలువుగా ఒక లావుపాటి చువ్వ, చువ్వ నుంచి బయటికి చాచిన చెయ్యి, ఆ చేతిని కింద నుంచి ఏటవాలుగా మోసే ఇంకో కమ్మి. అన్నీ బోల్టులతో బల్ల కాలి లోంచి అవతలికి బిగించింది.

పీట నా వంతు. టేకు ముక్కను గుండ్రంగా కోసి చిత్రిక పట్టాను. వసారాలో గోడవైపు తిరిగి ఉన్న తాతయ్య ఒక్కసారి కేక వేశాడు: “ఎవరే అది? ఆ చిత్రికలో బ్లేడు ఎక్కువ దిగింది. కొయ్యను చీరేస్తోంది. కొంచెం పైకి కొట్టు.” అడుగు దూరంలో ఉండి చూసినట్టే చెప్పాడు. నేను బ్లేడు పైకి కొట్టాను. చప్పుడు మారింది. ఎత్తు ఎంత ఉండాలో మాకు తెలియక, చాచీ వెళ్లి, ఎవరికో పీట చేస్తున్నాననీ, మోకాలి కొలత చెప్పమనీ ఆయన్నే అడిగింది. ఆయన విసుక్కుంటూనే కూర్చుని కొలిపించుకున్నాడు.

బిగించాక ముందు నేను కూర్చున్నాను. అది కదల్లేదు. నేను దిగాక చాచీ కూర్చుంది. ఈసారి కమ్మి నిలబడింది గానీ బల్ల అవతలి కాళ్లు బొటనవేలంత పైకి లేచాయి. పెరట్లో పడి ఉన్న షాబాదు బండను దొర్లించుకొచ్చి బల్ల కింది అరలో, అవతలి చివర పెట్టాం. చాచీ మళ్లీ కూర్చుంది. ఆమె ఒళ్లో నేను కూర్చున్నాను. ఇద్దరం కలిసి పీటను లోపలికీ బయటికీ తిప్పాం. బల్ల లేవలేదు. చాచా వెళ్లాక చాచీ నవ్వడం ఆ రోజే చూశాను.

మర్నాడు పొద్దున నేను పీట అంచులు నున్నగా చేస్తుంటే, చాచీ ఇనుప అంచులను సుత్తితో సరిచేస్తోంది. అంతకుముందు కొలిమి చప్పుడు విని కాబోలు, వేరే గల్లీ నుంచి ముగ్గురు కుర్రాళ్లు మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చారు. “కమ్మరాయన ఏడవోయిండు? రజాకార్లల్ల తిరిగిండంట గదా, దాసిపెట్టిన్రా?” అని అడిగారు. అడగడంలోనే ఒక బెదిరింపు ఉంది. చాచీ చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. నాన్న పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాడు, అమ్మ బజారుకు వెళ్లింది.

అప్పుడు వసారాలో కర్ర చప్పుడైంది. రెండు నెలల తరవాత తాతయ్య ఆ కొట్టంలోకి అడుగు పెట్టాడు. బల్ల అంచు పట్టుకుని, వాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు. “ఆయన చెల్లెలి పురుటికి వెళ్లాడు. రైళ్లు నడిస్తే వస్తాడు. ఆమె నా దగ్గర పని చేస్తోంది. మీకు కావలసిన పని ఏమిటో నాతో చెప్పండి,” అన్నాడు. గొంతు నిబ్బరంగానే ఉంది. కాలు మాత్రం వణకడం మొదలుపెట్టింది. ఇంకాసేపట్లో పడిపోతాడని నాకు తెలుసు. ఆ కుర్రాళ్ల ముందు పడిపోతే ఏమవుతుందో కూడా ఎందుకో తెలిసింది.

నేను పీటను ఆయన వెనక్కి తిప్పి, పంచె అంచు లాగాను. ఆయన వెనక్కి చూడలేదు. కూర్చున్నాడు. పీట కిర్రుమని కూడా అనలేదు. ఆయన ఒక ఉలి చేతిలోకి తీసుకుని, ఎప్పుడూ అక్కడే కూర్చునేవాడిలా, దాని అంచు బొటనవేలితో చూసుకుంటూ, “ఊఁ, చెప్పండి,” అన్నాడు. వాళ్లలో పెద్దవాడు నేల చూపులు చూశాడు. “ఊరికెనే అడిగినం తాతా,” అని గొణిగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

వాళ్లు వెళ్లాక తాతయ్య, తాను దేని మీద కూర్చున్నాడో అప్పుడే గుర్తొచ్చినట్టు, చెయ్యి కిందికి పోనిచ్చి పీట అడుగు తడిమాడు. చువ్వను, చెవులను, ఏటవాలు కమ్మిని తడిమాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. లేచి మోకాలితో లోపలికి తోశాడు. మళ్లీ బయటికి లాగి కూర్చున్నాడు.

“ఎవరు చేశారమ్మా ఇది?”

“ఇనుము నాది మేస్త్రీసాబ్,” అంది చాచీ. “ఉపాయం, పీట మీ మనవరాలియి.”

ఆయన నావైపు తిరిగి, వెనక అంచు ఇంకా కొంచెం గుండ్రం చేయాలనీ, బట్టకు తగులుకుంటుందనీ చెప్పాడు. మా తాతయ్య మెచ్చుకోవడం అంటే అదే. తప్పు చెప్పాడంటే దాన్ని పనిగా లెక్కపెట్టాడని అర్థం. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం మొత్తం తిన్నాడు. పెద్ద పలకలు చిత్రిక పట్టడం ఇక ఆయన వల్ల కాలేదు, ఆ పని నాకు నేర్పాడు. మిగతాదంతా ఆ పీట మీద కూర్చునే మరో తొమ్మిదేళ్లు చేశాడు. కూర్చుని చేసే వడ్రంగుల గురించి ఆ తరవాత ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఆ తరవాత మూడు వారాలకు చాచా తిరిగి వచ్చాడు. గడ్డం పెరిగి, సగమై, చాలా దూరం నడిచి వచ్చాడు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి చాచీ ఎవరిదో తలుపు గొళ్లెం దాగలి మీద పెట్టి కొడుతోంది. నేను తిత్తి ఊదుతున్నాను. ఆయన మూట కింద పెట్టి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, కానీ ఇనుము ఎర్రగా ఉంది కాబట్టి చెయ్యి ఆపలేదు. చాచా మెల్లగా వచ్చి నన్ను పక్కకు జరిపి, తిత్తి తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. గొళ్లెం అయ్యేదాకా ఆయన ఊదాడు, ఆమె కొట్టింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ముప్పై నాలుగేళ్లు మారేడ్‌పల్లిలో ఆడపిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పాను. పిల్లల చేత చేయించే ప్రతి ప్రయోగాన్నీ ముందురోజు ఒక్కదాన్నే చేసి చూసుకునేదాన్ని. ప్రతి ప్రశ్నపత్రాన్నీ గడియారం ముందు పెట్టుకుని, జవాబులన్నీ నేనే రాసేదాన్ని. టైములో నాకే పూర్తికాని ప్రశ్నను కొట్టేసేదాన్ని. తోటి టీచర్లు కొందరు ఇది చాదస్తం అనేవాళ్లు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. ఎక్కడైనా కలిస్తే, మీ పేపర్లు చాలా కష్టంగా ఉండేవి టీచర్, కానీ చెయ్యలేనిది ఒక్కటీ ఉండేది కాదు అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ చాచీ నన్ను కూర్చోమన్న ఆ రోజుకు మనసులోనే నమస్కారం పెట్టుకుంటాను.