టికెట్టు ఒకరిది, విమానం ఇంకొకరిది

ఆ రోజు మొదట చెయ్యెత్తింది నేనే. ఆదోనిలో తప్పంతా హమాలీదేనని ఇప్పటికీ చెప్పుకుంటారు కాబట్టి ఆ సంగతి ముందే రాస్తున్నాను.

నాది విమాన టికెట్ల దుకాణం. మక్కాకు పోయే ముసలివాళ్ళు, గల్ఫ్‌లో బండ్లు తోలేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు వస్తారు. చదువు రానివాళ్ళ కోసం నేనొక పద్ధతి పెట్టుకున్నాను. టికెట్టు మీదున్న కంపెనీ గుర్తును చీటీ మీద పెద్దగా గీసి చేతిలో పెడతాను. "విమానాశ్రయంలో ఈ బొమ్మ యాడుంటే ఆడ నిలబడు, ఇంకెవరి మాటా వినొద్దు" అంటాను. ఆ చీటీ పట్టుకుని ఎంతమంది ముసలమ్మలు సముద్రం దాటారో! నాకు దాని మీద గర్వం. గర్వం కూడా కాదు, పొగరు.

చిప్పగిరి వైపు నుంచి ఒకతను వచ్చాడు. సౌదీలో గొర్రెల కాపరి, సెలవు మీద ఊరికొచ్చాడు. తిరిగి చేరడానికి అతనికి ఒక్క రోజే మిగిలింది. అది దాటితే వీసా చెల్లదు, పని పోతుంది. నేను టికెట్టు తీసి, దాని మీదున్న నక్షత్రం బొమ్మ గీసిచ్చి బెంగళూరు పంపాను.

మర్నాడు పొద్దున అదే పెట్టెతో దుకాణం ముందు దిగాడు. వెంట అతని అన్న ఉన్నాడు. అన్న పత్తి మిల్లులో హమాలీ, బేళ్ళు లాగే ఇనుప కొక్కెం భుజానే వేలాడుతోంది. లోపల మక్కాకు పోయే నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నా పేరు పోతుందని ఒళ్ళు మండింది. అతను నోరు తెరవకముందే చెంప పగలగొట్టాను.

"నువ్వు గీసిన బొమ్మ కిందనే నిలబడితి గదా భాయ్! రెండు గంటలు నిలబడినా. నా వంతు వచ్చినాక, ఈడ కాదు, ఆ పక్క కంపెనీ కాడికి పో అనె బల్ల కాడుండే పాప. ఉరికితి. ఆడ మూసేసినారు."

"అబద్ధాలు సెప్తావా?" అని ఇంకొకటి కొట్టాను. అందరికీ చదివి వినిపించి పరువు తీద్దామని అతని జేబులోంచి టికెట్టు లాక్కున్నాను. అడుగున చీమ తలంత అక్షరాల్లో ఉంది, విమానం నడిపేది వేరే కంపెనీ అని.

ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. రెండు కంపెనీలు ఒప్పందం చేసుకుంటాయి. ఒకరి విమానంలో సీట్లను ఇంకొకరు తమ పేరుతో, తమ నంబరుతో అమ్ముకుంటారు. మన ఎమ్మిగనూరు అద్దె బస్సు లాంటిదే. బోర్డు ఆర్టీసీది, బండి ప్రైవేటు ఆసామిది. కాకపోతే విమానాశ్రయంలో బండిగలవాడి బల్ల దగ్గరే వరసలో నిలబడాలి. ఆ ఒక్క వాక్యం నేను చదవలేదు.

"ఏం రాసినారు భాయ్?" అని అన్న అడిగాడు.

దుకాణంలో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కడికే. టికెట్టు మడిచి నా జేబులో పెట్టుకున్నాను.

"తప్పు మీ వానిదే" అన్నాను.

అన్న తమ్ముడి జుట్టు పట్టి నా బల్లకేసి కొట్టాడు. "మూడేండ్లు ఎడారిలో ఉండి వరస యాడో తెలీదారా నీకు?" కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, మళ్ళీ మూతి మీద తన్నాడు. పన్ను ఊడి నా చెప్పు పక్కన పడింది. మక్కాకు పోయేవాళ్ళలో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. తమ్ముడు చేతులైనా అడ్డం పెట్టుకోలేదు. తప్పు తనదేనని నమ్మేశాడు, చెప్పింది నేను కాబట్టి. అయినా అన్న కొక్కెం చేతిలోకి తీసుకునేదాకా నా నోరు పెగల్లేదు.

"ఆపప్పా! తప్పు నాది. నేను సదవలేదు."

అన్న ఇటు తిరిగాడు. కొక్కెం నా మోచేతి దగ్గర దిగి మణికట్టు దాకా చీల్చింది. నేను అరిచిన అరుపు ఎవరో అరిచినట్టు వినిపించింది. అతను రెండోసారి ఎత్తాడు, ఈసారి గొంతు మీదికి.

తమ్ముడు నేల మీది నుంచే అన్న కాళ్ళు చుట్టేసుకుని, నెత్తురు ఉమ్మి అన్నాడు.

"వదిలెయ్ అన్నా. మనకు సదువు రాదు. ఆయప్పకు వస్తాదనుకుంటిమి, అంతే."