మిర్చి కోల్డ్ స్టోరేజీలో నానోసెకన్లు

ఎండాకాలం నరసరావుపేటలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఫ్యాను వేస్తే వేడిగాలి, ఆపితే చెమట. ఆ గదిలోనే పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తూ, మిగిలిన వేళల్లో నా పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. నా పనంతా ఆవగింజ కంటే కాస్త పెద్దదైన ఒక సిలికాన్ ముక్క మీద. దాన్ని డిటెక్టర్ అంటాం. మనిషి కంటికి ఆననంత తక్కువ వెలుగు పడినా సరే, అది చిన్న కరెంటు దెబ్బతో పలుకుతుంది. ప్రతిసారీ ఒకే వేళకు పలుకుతుందా, లేక ఒకసారి ముందు, ఒకసారి వెనక పలుకుతుందా? అది తేల్చడం నా పని.

లెక్కంతా నానోసెకన్లలో. సెకండును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోసెకండు. లేజర్ నుంచి ఒక మెరుపు పంపాలి, డిటెక్టర్ ఎప్పుడు పలికిందో కంప్యూటర్ పట్టుకోవాలి, అలా లక్షల సార్లు. అన్నీ కలిపి గ్రాఫ్ గీస్తే గుట్టలా వస్తుంది. గుట్ట సన్నగా, నిటారుగా ఉంటే డిటెక్టర్ నమ్మకమైనది. నాకు వచ్చిన గుట్ట మాత్రం తిని పడుకున్న గేదెలా ఉంది.

మా గైడు ఫోనులో గ్రాఫ్ చూసి, "వేడికి దానంతటదే పలవరిస్తోందమ్మా. చల్లబరిచి చూడు" అన్నారు.

కాలేజీలో ఏసీ ఉన్నది ప్రిన్సిపాల్ గారి గదిలోనే. వెళ్ళి అడిగాను. పనికి చీకటి కూడా కావాలని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి ఆ చీకట్లో నన్నేం చెయ్యమంటారు మేడం?" అన్నారు. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం మా వీధిలో ఉండే బాబాయి నా మొహం చూసి సంగతి అడిగాడు. వరసకు బాబాయి కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలవడం అలవాటు. ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు.

"చల్లగా ఉండాలి, చీకటిగా ఉండాలి, అంతేగా? దానికి ఇంత ఏడుపెందుకమ్మాయ్? మా దగ్గర చలీ ఉంది, చీకటీ ఉంది. రేపు పొద్దున్నే తీసుకురా" అన్నాడు.

పొద్దున్నే నేను, మా ల్యాబు అటెండరు ఆటోలో బయల్దేరాం. ఆయన ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. నల్లటి ఒత్తయిన జుట్టు, దాని మీద మంచి గర్వం. చలిగా ఉంటుందని నేను చెప్పిన పాపానికి ఇంటి దగ్గరే స్వెట్టరు, మంకీ క్యాపు తొడుక్కుని వచ్చాడు. మే నెల. ఆటో డ్రైవరు అద్దంలో ఆయన్ని చూస్తూ, "జ్వరమా అండీ? ఆసుపత్రికి పోనిమ్మంటారా?" అన్నాడు. అటెండరు కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, "పరిశోధనకి" అని గంభీరంగా చెప్పాడు.

కోల్డ్ స్టోరేజీలో ఒక గది మూల మాకు ఇచ్చారు. చుట్టూ కప్పు దాకా మిర్చి టిక్కీలు, గోతాం మీద గోతాం. ఘాటుకు బాబాయితో కలిపి ముగ్గురం వరసగా తుమ్మాం. ఒక హమాలీ వచ్చి మా పెట్టెల్ని చూసి, "కారం కొలిచే మిషనా మేడం?" అన్నాడు. కాదు, వెలుగు కొలిచేదని చెబితే, "వెలుగు కొలవడానికి చీకట్లోకొచ్చారా?" అని జాలిగా చూసి వెళ్ళాడు.

బల్ల మీద లేజర్‌నీ, డిటెక్టర్‌నీ జానెడు దూరంలో పెట్టి, చుట్టూ నల్లగుడ్డతో డేరా కట్టాం. ల్యాప్‌టాప్ డేరా బయట, దాని మీద దుప్పటి, దుప్పటి కింద నేను. గదిలో లైట్లు ఆర్పేశారు. బాబాయి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ పెట్టుకోమంటే, "ఇరవై ఏళ్ళుగా ఈ చలిలోనే ఉన్నా, నాకేంది?" అన్నాడు. ఆయన తల మీద వెంట్రుక అన్నది లేదు.

కంప్యూటర్ లెక్కపెడుతుంటే ఆయనకు విసుగు రాకుండా నా పని వివరించాను. శ్రద్ధగా విని అడిగాడు:

"మా బావమరిది ఉన్నాడు. ఏ పెళ్ళికైనా కరెక్టుగా గంట లేటు. ముహూర్తం ఎప్పుడైనా అంతే, గంట. వాడు మంచోడా, చెడ్డోడా?"

"చాలా మంచి డిటెక్టర్ బాబాయ్. లేటైనా పర్లేదు, ఆ లేటు పూటకో రకంగా ఉండకూడదు. అంతే."

"ఈ ముక్క మా ఆవిడకి చెప్పాలి" అన్నాడు.

గుట్ట మొలవడం మొదలైంది. సన్నగా, నిటారుగా, చూడముచ్చటగా. దుప్పటి కింద నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొంత మిర్చి ఘాటు, కొంత సంతోషం. అప్పుడే దాని కుడిపక్కన ఇంకో చిన్న గుట్ట లేచింది. తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ వచ్చింది. వైరు వదులైందేమోనని చూశాను, బాగానే ఉంది. ఏదో కొత్త విషయం కనిపెట్టానని నాలుగైదు నిమిషాల పాటు నిజంగానే నమ్మాను. పేపరుకు పేరు కూడా ఆలోచించుకున్నాను.

తర్వాత బుద్ధి వచ్చి లెక్కేశాను. రెండో గుట్ట మొదటిదాని కంటే ఆరు నానోసెకన్లు ఆలస్యం. నానోసెకండుకు వెలుగు దాదాపు అడుగు దూరం పోతుంది. అంటే ఆ వెలుగు ఆరడుగులు అదనంగా తిరిగి వచ్చింది. పోవడానికి మూడడుగులు, రావడానికి మూడడుగులు. బల్లకు మూడడుగుల దూరంలో ఏదో మెరిసేది ఉంది.

"బాబాయ్, డేరాలో స్టీలు గ్లాసేమైనా పెట్టారా?"

జవాబు డేరా లోపలి నుంచి వచ్చింది. "లేదమ్మాయ్, నేనే ఉన్నా. లోపల ఏం జరుగుతుందో చూద్దామని తల పెట్టా. ఏం కనపట్లా."

గుడ్డ కొలవడానికి తెచ్చిన టేపుతో అటెండరు చీకట్లోనే తడుముకుంటూ లేజర్ నుంచి బాబాయి నెత్తి దాకా కొలిచి, ఫోను వెలుగులో చూశాడు. సరిగ్గా మూడడుగులు.

విషయం చెప్పగానే బాబాయి నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన పొంగిపోయాడు. "నా గుండు మిషన్లో పడిందా! ఏదీ, ఇంకోసారి!" అటెండరు మంకీ క్యాపు లాక్కుని పెట్టుకుంటే గుట్ట మాయం. తీస్తే ప్రత్యక్షం. తల ముందుకు జరిపితే గుట్ట ఎడమకు జరిగింది. తల వెనక్కి తీస్తే కుడికి పోయింది. "ఒరేయ్, రండిరా! నా తలకాయని కంప్యూటర్లో చూపిస్తా!" అని హమాలీలను కేకేశాడు. వాళ్ళు నా దుప్పటి చుట్టూ మూగారు.

అటెండరు కూడా ముచ్చటపడి తన తల పెట్టాడు. ఎంతసేపు చూసినా గుట్ట లేదు, గీత కదల్లేదు. నల్లటి జుట్టు వెలుగునంతా మింగేస్తోందని చెప్పాను. బాబాయి ఆయన భుజం తట్టి, "ఏం చేస్తాం అన్నయ్యా, అందరికీ రాసిపెట్టి ఉండదు" అన్నాడు. తన జుట్టు గురించి ఆ మనిషి మొదటిసారి చిన్నబుచ్చుకోవడం అప్పుడే చూశాను.

మధ్యాహ్నానికి బాబాయిని బతిమాలి బయటికి పంపి, అసలు కొలతలు పూర్తి చేశాను. ఒకటే గుట్ట. గేదె పోలిక ఎక్కడా లేదు.

గైడుకు రెండు గ్రాఫులూ పంపాను. ఆయన కాసేపు నవ్వి, రెండోది కూడా థీసిస్‌లో పెట్టమన్నారు. దాని కింద, 'సమీపంలోని నునుపైన ఉపరితలం నుంచి తిరిగి వచ్చిన కాంతి' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. పేజీ జిరాక్సు తీసి బాబాయి ఇంటికి తీసుకెళ్ళి, తెలుగులో చదివి వినిపించాను. ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నునుపైన" అని ఒకసారి, "ఉపరితలం" అని ఇంకోసారి నెమ్మదిగా అనుకున్నాడు.

పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గ్రాఫ్ చూసింది.

"ఇంతకీ ఇందులో ఈయనెక్కడే?"

చిన్న గుట్ట మీద వేలు పెట్టి చూపించాను.

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరగా చూసి, "పోలికొచ్చిందే!" అంది.